బడి చంద్రుడు, ఇంటి చంద్రుడు: నీబియా తెచేరా గారి ముప్ఫై నాలుగేళ్ళు

1991 మార్చి నాలుగవ తేదీ సోమవారం ఉదయం, దురాస్నో పట్టణంలో పాత రైల్వే గిడ్డంగిని కడిగి అప్పుడే తెరచిన మన ‘బడికి ఆకాశం’ ఖగోళ బోధన కేంద్రంలో శ్రీమతి నీబియా తెచేరా గారు సహాయ బోధకురాలిగా చేరారు. ఆనాటి హాజరు పట్టీలో ఆమెది మూడవ సంతకం. మొదటిది సంచాలకులు డాక్టర్ ఎబెర్ ఎచెగొయెన్ గారిది. రెండవది వ్యాను నడపడానికి నియమితులైన దార్దో లరోసా గారిది. వ్యాను మాత్రం మరో ఏడు వారాలకు గానీ రాలేదు. ఆ ఏడు వారాలూ దార్దో గారు చేతిలో మతె అనే ఆకు కషాయం తాగే బుర్ర, చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని, వచ్చినవారందరితో “ఈ ఆఫీసులో ఆకాశం ఉంది గానీ చక్రాలు లేవు” అని చెబుతుండేవారు.

చేరేనాటికి నీబియా గారికి ముప్ఫై ఏళ్ళు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆమె ప్రాథమిక పాఠశాలలో, తెల్ల అంగీల మీద నీలం రిబ్బన్లు కట్టుకున్న పిల్లలకు చదవడం, రాయడం నేర్పారు. ఖగోళ శాస్త్రం ఆమె విశ్వవిద్యాలయంలో చదువుకున్నది కాదు, ఇష్టపడి సొంతంగా నేర్చుకున్నది. అందువల్ల రాజధాని నుంచి వచ్చే ఆచార్యుల ఎదుట ఆమె ఎప్పుడూ ఒక అడుగు వెనక్కి నిలబడేవారు. వారు చెప్పినది రాసుకునేవారు. రాసుకున్నదాన్ని ఇంటికి వెళ్ళి మళ్ళీ అందమైన దస్తూరితో ఎక్కించుకునేవారు. అచ్చయిన అక్షరం మీద ఆమెకున్న గౌరవం భక్తికి చాలా దగ్గరగా ఉండేది. ఆ గౌరవమే తనను మంచి విద్యార్థినిని చేసిందనీ, ఆ గౌరవమే ఒకసారి తన కళ్ళకు అడ్డం నిలిచిందనీ తరువాతి కాలంలో ఆమే చెప్పారు. ఆ ఒకసారి ఏం జరిగిందో రాయకపోతే మిగిలినదేదీ రాయవద్దని ఆమె ఈ సంచిక సంపాదకులకు నిబంధన పెట్టారు. అభినందన వ్యాసంలో తప్పును గురించి రాయడం మర్యాద కాకపోవచ్చు. కానీ నీబియా గారి విషయంలో ఆ తప్పును దాటి ఆమెను అభినందించడం సాధ్యం కాదు.

1994లో గ్రామీణ పాఠశాలల కోసం మన కేంద్రం చంద్రకళల గోడపటం ఒకటి ముద్రించింది. బొమ్మలు వేసినది నీబియా గారు. పెరిగే చంద్రుణ్ణి మనం స్పానిష్‌లో క్రెసియెంతే అంటాం, తరిగే చంద్రుణ్ణి దెక్రెసియెంతే అంటాం. ఒకదాని మొదటి అక్షరం సి, రెండవదాని మొదటి అక్షరం డి. అయితే చంద్రుడు పెరిగేటప్పుడు డి ఆకారంలోనూ, తరిగేటప్పుడు సి ఆకారంలోనూ ఉంటాడు కాబట్టి చంద్రుడు అబద్ధాలకోరు అని బడిలో ఒక గుర్తు చెబుతారు. నీబియా గారికి ఆ గుర్తును ఏడేళ్ళ వయసులో ఆమె టీచరమ్మ నేర్పారు. ఆ టీచరమ్మకు అది స్పెయిన్‌లో అచ్చయిన పుస్తకం నుంచి వచ్చింది. స్పెయిన్ భూగోళానికి ఉత్తరాన ఉంది, మనం దక్షిణాన ఉన్నాం. అక్కడివారికి కుడివైపు వెలిగే చంద్రుడు మనకు ఎడమవైపు వెలుగుతాడు. అక్కడ అబద్ధమాడే చంద్రుడు ఇక్కడ నిజమే చెబుతాడు. ఈ సంగతి పటం వేసిన నీబియా గారికి తట్టలేదు. పటాన్ని పరిశీలించిన ముగ్గురు ఆచార్యులు చంద్రుడి దూరాన్నీ వ్యాసాన్నీ దిద్ది, ఒక కామా చేర్చి సంతకాలు పెట్టారు. బొమ్మల వంక ఎవరూ చూడలేదు. ‘చంద్రుడు అబద్ధాలకోరు’ అనే శీర్షికతో మూడు వందల పటాలు మూడు వందల బడుల గోడలకెక్కాయి. కింద కుడిమూలన సన్నటి అక్షరాల్లో ‘చిత్రణ: నీబియా తెచేరా’ అని ఉండేది.

1996 అక్టోబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె పాసో దెల్ సాసేలోని నలభై ఏడవ నంబరు బడికి వెళ్ళారు. అక్కడి ఏకైక ఉపాధ్యాయిని ఎలిదా సిల్వేరా గారు ఆమెను ఆదరంగా కూర్చోబెట్టి పిల్లల నోటు పుస్తకాలు ముందు పెట్టారు. లూర్దెస్ అనే తొమ్మిదేళ్ళ పిల్ల పుస్తకంలో మొదటి మూడు పేజీల నిండా ఎర్రసిరా కొట్టివేతలున్నాయి. ఎడమవైపు వెలిగే చంద్రులు, పక్కన ‘పెరుగుతోంది’ అని రాత, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. నాలుగో పేజీ నుంచి చంద్రులు తిరగబడి, టిక్కులు మొదలయ్యాయి.

“ఈ పిల్ల మహా మొండిదండీ. మీ పటం చూపించి మరీ చెప్పాను. మూడుసార్లు కొట్టేస్తేగానీ దారికి రాలేదు” అన్నారు ఎలిదా గారు.

నీబియా గారు ఆ పిల్లను దగ్గరికి పిలిచారు. “ఈ మొదటి పేజీల్లో బొమ్మలు ఎక్కడ చూసి వేశావమ్మా?”

“మా దొడ్లో.”

“మరి తరవాతవి?”

“పటంలో.”

“ఎందుకు మార్చావు?”

లూర్దెస్ ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. “అవి ఇంటి చంద్రుడివి టీచర్. ఇవి బడి చంద్రుడివి. పరీక్షలో బడి చంద్రుణ్ణే వెయ్యాలి కదా.”

అప్పుడు సమయం మూడు గంటలు. బడి ముంగిట్లో, నీలగిరి చెట్ల పైన, పగటి చంద్రుడు పాలిపోయి నిలబడి ఉన్నాడు. మరునాటికి సగం నిండబోయే చంద్రుడు. ఎడమవైపు వెలుగు. కాస్త ముందుకు వాలిన సి. నీబియా గారు వాకిట్లోకి వచ్చి తలెత్తి చూశారు. కిటికీలోంచి లోపలి మాటలు వింటూ, వ్యానుకు ఆనుకుని మతె పీలుస్తున్న దార్దో గారు కూడా తలెత్తారు.

“ఆ పిల్ల చెప్పేది కరెక్టే టీచరమ్మా. పెరిగే చంద్రుడు అటే వెలుగుతాడు. నేను అడుగుదామనే అనుకున్నా, మీరంతా చదువుకున్నవాళ్ళు కదా అని ఊరుకున్నా.”

“రెండేళ్ళ నుంచి ఆ పటాలు మోస్తున్నారు, దార్దో.”

“మొయ్యమన్నారు, మోశాను. చదవమన్లేదుగా.”

నీబియా గారు లోపలికి వెళ్ళారు. ఆ క్షణంలో ఆమె నిజం చెప్పి ఉంటే ఈ కథ చిన్నదయ్యేది. ఆమె చెప్పలేదు. పుస్తకం మూసి, ఎలిదా గారి చేతికిచ్చి, “వచ్చేసారి మాట్లాడుకుందాం” అని బయలుదేరారు. పటంలో తప్పు వేయడం కాదు, ఆ పుస్తకం మూయడమే తన అసలు తప్పని ఆమె నేటికీ అంటారు.

దురాస్నో దాకా తొంభై కిలోమీటర్ల మట్టిదారి. తాను వందలసార్లు చూసిన చంద్రుణ్ణి తాను ఎందుకు చూడలేదన్న ప్రశ్న ఆమెను వదలలేదు. పిల్లలను వెంటబెట్టుకుని టెలిస్కోపులో చంద్రుణ్ణి చూపించినది తానే. లోయలు చూపించారు, పర్వతాలు చూపించారు. వెలుగు ఏ వైపున ఉందో మాత్రం తాను చూడలేదు. నోటికి వచ్చినదాన్ని కంటితో మళ్ళీ అడగవలసిన అవసరం ఆమెకు ఎన్నడూ కనబడలేదు. మనసు తనకు ముందే తెలుసు అనుకున్న చోట కన్ను పని మానేస్తుందని ఆమెకు ఆ దారిలో అర్థమయింది. కానీ అంతకన్నా లోతుగా గుచ్చుకున్నది మరొకటి. లూర్దెస్ చూడడం మానలేదు. చూసినదాన్ని బడికి తేవడం మానేసింది. తొమ్మిదేళ్ళకే ఆ పిల్ల లోకాన్ని రెండుగా విడదీసుకుంది: కళ్ళతో తెలిసేది ఒకటి, పెద్దలను మెప్పించడానికి చెప్పేది ఒకటి. ఆ గీత గీసినది తన చెయ్యి.

ఇంటికి చేరాక ఆమె, బేకరీ నడిపే తన భర్త ఎల్బియో గారిని అడిగారు. “నువ్వు రోజూ తెల్లారకముందే లేస్తావు కదా, పొద్దుటి చంద్రుడు ఏ ఆకారంలో ఉంటాడు?”

“నేను రొట్టెల్ని చూస్తానా, చంద్రుణ్ణి చూస్తానా? ఏమైంది నీకు, తిన్నావా లేదా?”

“ఒక తప్పు చేశాను. తినబుద్ధి కావడం లేదు.”

“అయితే తప్పు పెద్దదే” అని ఎల్బియో గారు ఆమె పక్కన కూర్చున్నారట.

సోమవారం ఆమె సంచాలకుల గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పారు. ఎచెగొయెన్ గారు మంచివారు, భయస్థులు. ఆ రెండూ ఆయనలో ఒకదానినొకటి ఇబ్బంది పెట్టుకోకుండా ఉండేవి. కాగితం మీద ఇద్దరు చంద్రులను గీసి చూసుకుని, ఆయన చాలాసేపు తల పట్టుకున్నారు.

“మూడొందల బళ్ళలో ఎవరూ పట్టుకోలేదు కదండీ. కొత్త ముద్రణలో చడీచప్పుడు లేకుండా సరిచేద్దాం.”

“పట్టుకున్నారు సార్. పట్టుకున్న పిల్లకి తప్పు వేశాం.”

“మంత్రిత్వ శాఖకి తెలిస్తే ఈ కేంద్రం మూసేస్తారు, నీబియా గారూ. మీ ఉద్యోగం సంగతి మీరు చూసుకుంటారు. దార్దో ఎక్కడికి పోతాడు? నేనెక్కడికి పోతాను?”

నీబియా గారు లేచి ఇంటికి వెళ్ళారు. ఆ రాత్రంతా ఆలోచించి, మరునాడు మూడు వందల బడులకు మూడు వాక్యాల ఉత్తరం రాశారు: పటంలో చంద్రుడు తిరగబడి ఉన్నాడు. ఆ బొమ్మలు నేను చూడకుండా వేశాను. పిల్లలు ఎవరైనా దీనికి వ్యతిరేకంగా వేసి ఉంటే వారికి దయచేసి మార్కులు తిరిగి ఇవ్వండి. కింద తన పేరు ఒక్కటే రాశారు. ఆచార్యుల పేర్లు గానీ, కేంద్రం ముద్ర గానీ వేయలేదు.

విచారణ జరిగింది. కేంద్రం మూతపడలేదు, కానీ నీబియా గారి పేరు మీద మందలింపు నమోదైంది, మూడేళ్ళపాటు మనకు ముద్రణ అనుమతి లేకుండా పోయింది. పటాలను వెనక్కి తెప్పించే స్తోమత ఎవరికీ లేదు. అప్పుడు పల్లె టీచర్లు తమకు తోచిన పని తాము చేశారు. పటాన్ని తలకిందులుగా తగిలించారు. అలా తగిలిస్తే చంద్రులు సరిపోతారు, అక్షరాలు మాత్రమే తిరగబడతాయి. చాలా ఏళ్ళపాటు ఈ దేశం నడిమధ్యన మూడు వందల గోడల మీద నీబియా తెచేరా గారి పేరు ఎడమవైపు పైమూలన తలకిందులుగా వేలాడింది. తమ కేంద్రానికి ఇంతకన్నా నిజాయితీ గల బోర్డు లేదని దార్దో గారు అంటుండేవారు.

1997 మార్చిలో బడులు తెరవగానే ఆమె మొదట వెళ్ళినది నలభై ఏడవ నంబరు బడికి. ఎలిదా గారు గుమ్మంలోనే ఎదురై, “మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆ పిల్లకి మొహం చూపించలేకపోయానండీ” అన్నారు. నీబియా గారు పిల్లలందరి ఎదుట నిలబడి, తప్పు తనదని, లూర్దెస్ వేసినదే సరైన చంద్రుడని, ఆనాడు అది తెలిసి కూడా పుస్తకం మూసి వెళ్ళిపోయానని చెప్పారు. లూర్దెస్ చెయ్యి ఎత్తింది.

“అయితే టీచర్, ఇవాళ మీరు చెప్తున్నది నిజమని మాకెలా తెలుస్తుంది?”

ఎలిదా గారు ఆ పిల్లను కసరబోయారు. నీబియా గారు ఆపారు.

“తెలీదమ్మా. సాయంత్రం బయటికెళ్ళి చూసుకో.”

“మబ్బు పడితే?”

“రేపు చూడు.”

“రేపూ పడితే?”

“అప్పటిదాకా నన్ను నమ్మకు.”

ఇక్కడి నుంచి మన కేంద్రం చరిత్ర మొదలవుతుందని చెప్పడం అతిశయోక్తి కాదు. ముద్రించే అనుమతి లేదు గనుక, టీచర్ల శిక్షణలో ఏ కాగితమూ ఇవ్వకుండా ముప్ఫై రోజులు చంద్రుణ్ణి చూసి గీసుకురమ్మనే పద్ధతిని నీబియా గారు ప్రవేశపెట్టారు. అనుమతి తిరిగి వచ్చాక కూడా ఆ పద్ధతిని మార్చనివ్వలేదు. పై అధికారులు పంచిన పటాల సంఖ్య అడిగితే, ఆమె గీసిన చంద్రుల సంఖ్య పంపేవారు. దానితోపాటు మరో ఆచారం కూడా మొదలైంది. ప్రతి శిక్షణలోనూ ఆమె ఉద్దేశపూర్వకంగా ఒక తప్పు చెబుతారు. సాయంత్రం లోగా టీచర్లు దాన్ని పట్టుకోవాలి. ఇవాళ్టి తప్పేమిటో చెవిలో చెబుతానని ఆశపెట్టి దార్దో గారు టీచర్ల దగ్గర వేయించిన రొట్టెలు రాబట్టి, తిన్నాక, “నాకేం తెలుసమ్మా, నేను డ్రైవర్ని” అనేవారు.

2005లో గాలి నింపితే లేచే గుడ్డ గుడారం వచ్చింది. దాని లోపలి కప్పు మీద పడే వెలుగు బొమ్మల్లో పల్లెపిల్లలు పగలే నక్షత్రాలను చూశారు. నీబియా గారు ఆ గుడారాన్ని ఇష్టపడ్డారు గానీ పూర్తిగా నమ్మలేదు. ప్రదర్శన చివర, ‘ఇప్పుడు చూసినదంతా బొమ్మ, అసలుది మీ ఇంటి మీద ఉంది’ అని చెప్పనిదే తలుపు తీయనిచ్చేవారు కారు. 2011లో ఎచెగొయెన్ గారు విశ్రాంతి తీసుకున్నప్పుడు, తన ఉద్యోగ జీవితంలో తాను వద్దన్నా జరిగిన ఒకే ఒక మంచిపని ఆ ఉత్తరమని సభలో చెప్పి కూర్చున్నారు. ఆ తరువాత శిక్షణ విభాగ బాధ్యత నీబియా గారిది. 2020లో మహమ్మారి వల్ల బడులు మూతపడినప్పుడు ఆమె స్థానిక రేడియోలో రోజూ సంధ్యవేళ ఐదు నిమిషాలు మాట్లాడారు. తలుపు తీసుకుని గడపలోకి రమ్మనేవారు, ఏ దిక్కున ఏం వెతకాలో చెప్పేవారు, తరువాత ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా ఊరుకునేవారు. రేడియోలో మౌనం ఏమిటని స్టేషను వారు కంగారు పడ్డారు. ఆ నిమిషం చూడడానికని ఆమె నచ్చజెప్పారు. ఒంటరిగా ఉన్న వృద్ధులు ఎందరో ఆ నిమిషం కోసం కాచుకుని ఉండేవారని మనకు వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి.

లూర్దెస్ శాస్త్రవేత్త కాలేదు. పాసో దెల్ సాసేలోనే జున్ను తయారుచేసే చిన్న కేంద్రం నడుపుతున్నారు. ఆమె పిల్లల పుస్తకాలను ఆమే దిద్దుతారట, టీచర్లు దిద్దాక కూడా.

ఇన్నేళ్ళలోనూ నీబియా గారిని ఒక దిగులు వీడలేదు. టీచర్లు పట్టుకునేది తాను కావాలని పెట్టిన తప్పునే కదా. పెట్టినది పట్టుకోవడం కూడా ఒకరకంగా టీచరును మెప్పించడమే కదా అని ఆమె సందేహం. తాను నిజంగా పొరబడిన రోజున ఎవరైనా ఎదురు నిలుస్తారా, లేక బడి చంద్రుణ్ణే వేసి ఊరుకుంటారా అన్నది తేలకుండానే తాను వెళ్ళిపోతానని పోయిన ఏడాది ఒక సాయంత్రం ఆమె దార్దో గారి వద్ద అన్నారు.

2024 నవంబరు చివరి వారంలో, పట్టణానికి దూరంగా బయలు మైదానంలో ఉన్న ఒక గ్రామీణ వసతి బడిలో ఆమె చివరి శిక్షణ జరిగింది. డిసెంబరు మధ్యాహ్నం మన నీడ సరిగ్గా కాళ్ళ కిందే పడుతుందని ఆమె ఆనాటి తప్పు చెప్పారు. భోజనాల లోపే పట్టుకున్నారు. ఇక్కడ సూర్యుడు ఏనాడూ నడినెత్తికి రాడు. అందరూ నవ్వుకున్నారు. సాయంత్రం ముగింపులో ఆమె, నవంబరు సాయంత్రాల్లో నాలుగు చుక్కల దక్షిణ శిలువ నక్షత్ర సమూహం ఆకాశంలో ఉండదు కనుక పిల్లలచేత వెతికించవద్దని యథాలాపంగా చెప్పారు. వెనక వరుసలోంచి దైయానా బెంతాన్కూర్ అనే కొత్త టీచరు లేచారు. ఉద్యోగంలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు.

“ఉంటుంది టీచర్.”

“ఇవాళ్టి తప్పు అయిపోయిందమ్మా. రోజుకి ఒకటే.”

“అది నాకు తెలుసండీ. శిలువ మాత్రం ఉంటుంది. నిన్న చూశాను.”

“ఎక్కడ?”

“ఈ బడి వెనకే. నేలకి ఆనుకుని ఉంటుంది. తలకిందులుగా. మూడు చుక్కలే కనిపిస్తాయి, నాలుగోది గడ్డిలో ఉంటుంది.”

పక్కనున్నవారు కూర్చోమని ఆమె అంగీ లాగారు. దైయానా గారు కూర్చోలేదు, ముఖం ఎర్రబడింది. నీబియా గారు గడియారం చూసి, “తొమ్మిదింపావుకి చీకటి పడుతుంది. పదండి” అన్నారు.

ఇరవై ఆరుగురు కంచె దాకా నడిచారు. దక్షిణాన చెట్టు లేదు, ఇల్లు లేదు, నేల ఆకాశంలో కలిసే గీత తప్ప ఏమీ లేదు. ఆ గీతకు నాలుగు వేళ్ళ ఎత్తున ఒక చుక్క, దాని కింద అటూ ఇటూ రెండు చుక్కలు. నీబియా గారు కంచె తీగ పట్టుకుని చాలాసేపు చూశారు. ఆమె ముప్ఫై నాలుగేళ్ళుగా ఉంటున్న వీధిలో దక్షిణం వైపు మూడంతస్తుల బ్యాంకు ఉంది. ఆమె నవంబరులో శిలువ ఉండదని చదివారు, బ్యాంకు వెనక కనబడలేదు, నమ్మారు.

“ఇది నేను పెట్టిన తప్పు కాదు” అన్నారు చివరికి.

“తెలుసు టీచర్” అన్నారు దైయానా గారు. “అందుకే లేచాను. పెట్టినదైతే వేరేవాళ్ళకి వదిలేసేదాన్ని.”

వెనుక నుంచి దార్దో గారు అన్నారు. “ఇంక హాయిగా ఇంటికి పోవచ్చు టీచరమ్మా. మీ పని వీళ్ళు చూసుకుంటారు.”

ఆమె తల తిప్పలేదు. అక్కడున్నవారికి ఆమె ముఖం కనబడలేదు. కానీ పక్కన నిలబడ్డ దైయానా గారి చేతిని ఆమె పట్టుకున్నారనీ, బడిలోకి తిరిగి వచ్చేదాకా వదలలేదనీ అందరూ చెబుతారు.

2025 ఫిబ్రవరి ఇరవై ఎనిమిదవ తేదీన శ్రీమతి నీబియా తెచేరా గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఎల్బియో గారి బేకరీ పక్క గదిలో ఒక చిన్న టెలిస్కోపుతో, ఎవరికీ పాఠం చెప్పవలసిన పని లేకుండా కొన్నాళ్ళు ఊరకే చూస్తూ కూర్చోవాలన్నది ఆమె కోరిక. ఆమెకు సంపూర్ణ ఆరోగ్యం, చెదరని కంటిచూపు, మంచి నిద్ర, మబ్బులు తక్కువైన శీతాకాలాలు సమృద్ధిగా లభించాలని కేంద్రం సిబ్బంది, మూడు వందల బడుల ఉపాధ్యాయులు హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నారు. ఆమె నిండు నూరేళ్ళు జీవించాలి. ఆ నూరేళ్ళలో ఆమె ఇంకా ఎన్నోసార్లు పొరబడాలి. పొరబడిన ప్రతిసారీ ఆమెను ప్రేమించేవారెవరో పక్కనుండి, కాదండీ, నేను చూశాను, అని చెప్పాలి.